తొలేళ్ళ నాటి ఓవర్‌రైడ్

పొద్దున్న ఆరింటికే మేనేజర్ సార్ ఫోన్. ఫైల్ సర్వర్‌లో డి డ్రైవ్ నిండిపోయిందట, ఎవరికీ ఏదీ సేవ్ అవడం లేదట. ‘‘మీకు అలర్ట్ రాలేదా?’’ అన్నారు. రాలేదు. పాత ఫైళ్లు కొన్ని పక్కకి తీసి, ముందు ఆ గండం గట్టెక్కించాను. ఎందుకు రాలేదన్నదే అసలు తలనొప్పి.

సర్వర్ల మీద కన్నేసి ఉంచడానికి మేం వాడేది మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆపరేషన్స్ మేనేజర్, ముద్దుగా ఎస్‌కామ్. డిస్కులో ఖాళీ 10 శాతానికి తగ్గగానే మొత్తుకోమని నిరుడు సర్వర్ల గ్రూపు మొత్తానికి ఓవర్‌రైడ్ పెట్టాను, అంటే దానితో వచ్చిన సెట్టింగు బదులు మా సొంత సెట్టింగు. దాన్నే నమ్ముకుని కూర్చున్నాను. ఏది బాగుందో ఏది బాలేదో చూపించే హెల్త్ ఎక్స్‌ప్లోరర్ తెరిస్తే ఆ డిస్కు ఊసే లేదు. జబ్బు చేసినవాటినే చూపించే ఫిల్టర్ దానికి పుట్టుకతోనే ఉంటుంది కదా! అది తీసేశాక కనిపించింది: పచ్చా కాదు, ఎరుపూ కాదు, బోసి సున్నా. అంటే ఆ డిస్కుని కనిపెట్టుకుని ఉండే మానిటర్ పనే చెయ్యడం లేదు. ఎప్పుడు మొత్తుకోవాలో గ్రూపుకి ఎంత చెబితే ఏం లాభం, ఆ ఒక్క డిస్కుకి మాత్రం విడిగా నోరు కట్టేసి ఉంటే? గ్రూపు మాట కన్నా ఆ ఒక్కదానికి చెప్పిన మాటే చెల్లుతుంది.

ఎవరు కట్టేశారు? కన్సోల్‌లో ఒక్కొక్కటీ వెతికే ఓపిక లేక, కమాండ్లు టైపు చేసే పవర్‌షెల్‌లో, ఓవర్‌రైడ్లన్నీ చూపించే గెట్-ఎస్‌కామ్‌ఓవర్‌రైడ్ కొట్టి మొత్తం ఎక్సెల్‌లోకి దించాను. పేర్ల నిండా అంకెలూ అక్షరాలూ కలగాపులగం, మనిషి చదివేది ఒక్కటీ లేదు. పెట్టిన తేదీ వరుసలో పేర్చాక దొరికింది. 14-10-2024, 13:40. అది మన టైము కాదు, యూటీసీ; దానికి అయిదున్నర గంటలు కలుపుకోవాలి, అంటే రాత్రి 7:10. సోమవారం. మా విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను పండగకి ముందు రోజు, తొలేళ్ళు!

నేనే. ఆ రాత్రి జనంలో ఫోన్ ఊరికే మోగుతుంటే, మర్నాడు సిరిమాను ఊరేగింపు కోట దగ్గరికి వచ్చేసరికైనా ప్రశాంతంగా దణ్ణం పెట్టుకుందామని ఆ డిస్కు అలర్టుల్ని ఆపేశాను. వివరణ రాసే చోట ఒక్క ముక్క రాయలేదు. పైగా పెట్టింది సెట్టింగులు దాచే మూటల్లో డిఫాల్ట్ మేనేజ్‌మెంట్ ప్యాక్‌లో, అందులో పెట్టొద్దని కొత్తగా వచ్చిన ప్రతి కుర్రాడికీ చెప్పేది నేనే. కాసేపు మాత్రమే అలర్టులు ఆపే మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టుంటే ఎప్పటిదాకా అని అడిగేది, గడువు తీరాక దానంతటదే తేలేది. ఓవర్‌రైడ్‌కి గడువు ఉండదు.

‘‘ఏట్రా, అన్నం చల్లారిపోతోంది’’ అని అమ్మ రెండుసార్లు పిలిచింది. ఆ ఓవర్‌రైడ్ తీసేసి, సార్‌కి నిజమే చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత ‘‘సిరిమాను బాగా చూశావా?’’ అన్నారు.

మధ్యాహ్నమంతా మిగతావాటి పనే. ఓవర్‌రైడ్ల కోసం వేరే ప్యాక్ చేసి, పనికొచ్చేవి ఒక్కొక్కటీ కారణం రాస్తూ అందులో మళ్లీ పెట్టాను. ఒకటి మాత్రం ఎంత ఆలోచించినా అంతు పట్టలేదు. నాకన్నా ముందు ఈ పని చూసినాయన ఇప్పుడు శ్రీకాకుళంలో ఉంటున్నారు. సాయంత్రం గంటస్తంభం దగ్గర టీ తాగుతూ ఆయనకి ఫోన్ చేశాను.

‘‘ఎందుకు పెట్టానో గుర్తులేదు తమ్ముడూ. తియ్యకు మాత్రం’’ అన్నారు.

తియ్యలేదు. కారణం దగ్గర ఆయన మాటే రాశాను.