మాస్టర్ ఇక ఆదివారాలు మాత్రమే

పోయిన నెల మా కరాటే మాస్టర్ ఫోన్ చేశారు. "ఇంక రోజూ క్లాసులు చెప్పలేనమ్మా, ఆదివారం ఒక్కపూట వస్తా, మిగతాదంతా అక్క చూసుకుంటుంది" అన్నారు. అక్క అంటే మా సీనియర్, నాకు బెల్టు కట్టుకోవడం నేర్పింది ఆమే. నాకు ఏమనాలో తెలీక ఊరికే ఉంటే ఆయనే మళ్లీ, "సరే గానీ, నీ మోకాళ్లు ఎట్లున్నాయి?" అన్నారు. పాత బ్యాచ్ వాళ్లందరికీ వరసగా ఫోన్ చేసి ఇదే అడుగుతున్నారట.

ఎందుకు అడుగుతున్నారో మాకు తెలుసు.

నేను 1998లో చేరాను, అయిదో తరగతి. తిరుపతి బైరాగిపట్టెడలో ఒక మిద్దె మీద క్లాసు, సిమెంటు నేల. పొద్దున అయిదున్నరకు మా నాయన స్కూటర్ మీద దింపి వెళ్లేవాడు, ఆడపిల్లకు ఈ తన్నులాటలేంది అని మా అవ్వ నెలరోజులు సణిగి ఆపేసింది. ఎండాకాలం సాయంత్రాలు నేల ఎంతగా కాలిపోయేదంటే, క్లాసుకు ముందు రెండు బిందెల నీళ్లు చల్లితే గానీ కాలు పెట్టలేకపోయేవాళ్లం. చీకటి పడ్డాక ఘాట్ రోడ్డు దీపాలు కనబడేవి. ఆ సిమెంటు మీద కప్ప గంతులు వేసేవాళ్లం, ఈ పిట్టగోడ నుంచి ఆ పిట్టగోడకు, గొంతుక్కూచుని ఎగిరి మళ్లీ గొంతుక్కూచోవడం. ఆలస్యంగా వస్తే గంతులు, కటా, అదే వరసగా కట్టిన అడుగులూ దెబ్బలూ, మర్చిపోతే గంతులు. తర్వాత బాతు నడక. అవన్నీ చేశామని స్కూల్లో గొప్పగా చెప్పుకునేవాళ్లం కూడా.

నేను డిగ్రీలో ఉండగా ఒకరోజు మాస్టర్ కుంటుకుంటూ వచ్చి అందర్నీ కూచోబెట్టారు. ముందురోజే ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చారు. "ఇంక గంతుల్లేవు. పూర్తిగా వంగిన మోకాలి మీద ఒంటి బరువంతా పడేట్టు గట్టినేల మీద దిగితే చిప్ప వెనకాల అరిగిపోతుంది. మా మాస్టర్ నాతో చేయించారు, నేను మీతో చేయించినా. తప్పు నాది" అన్నారు. ముప్పై మంది పిల్లల ముందర, తల్లిదండ్రులు కొందరు మెట్ల దగ్గర నిలబడి వింటుండగా.

ఆ నెలలోనే చాపలు వచ్చాయి, ఎవరినీ డబ్బులు అడగలేదు. స్టాన్సులు, అంటే నిలబడే పద్ధతులు కూడా మళ్లీ మొదటి నుంచి నేర్పారు. జెన్‌కుత్సు దాచి అనే స్టాన్సులో ముందు కాలు వంచినప్పుడు పాదం ఒకవైపు చూస్తూ మోకాలు లోపలికి ఒరిగితే కీలు మెలితిరుగుతుంది, ఒక్కసారికి ఏమీ కాదు గానీ రోజుకు వందసార్లు చొప్పున పదేళ్లు అదే అడుగు వేస్తే ఊరుకోదు. ఆయన వరసల మధ్య నడుస్తూ తన పాదం అంచుతో మన మోకాలిని మెల్లగా బయటికి నెట్టేవారు, మోకాలు కాలివేళ్లు చూసే వైపే చూడాలి, అంతే. ఆ తాకిడి నాకు ఇప్పటికీ గుర్తే.

సీనియర్లు ఇద్దరు ముగ్గురికి నచ్చలేదు. ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి మార్చేస్తారా అన్నారు. అప్పుడు మాస్టర్ హెయాన్ కటాల సంగతి చెప్పారు. అవి ఒకినావాలో ఇతోసు అన్‌కో బడిపిల్లల కోసం కూర్చినవి, అప్పటి పేరు పినాన్. 1922లో టోక్యోలో కరాటే ప్రదర్శించిన ఫునాకోషి గిచిన్ తర్వాత వాటికి హెయాన్ అని పేరు పెట్టారు, ఆయన కూడా ఒకినావాలో బడిపంతులుగా చేసినవాడే. "పిల్లల కోసం వాళ్లు మార్చుకున్నారు, మోకాళ్ల కోసం మనం మార్చుకుంటే తప్పేంది రా?" అన్నారు. సీనియర్లలో ఒకాయన మానేశాడు. మాస్టర్ మార్చుకున్నది మార్చుకున్నట్టే ఉంచారు.

ఆ తర్వాత కాలేజీలో, ఉద్యోగంలో నాకు నేర్పినవాళ్లు చాలామందే ఉన్నారు. నేర్పినదాన్ని వెనక్కి తీసుకుని తప్పు నాది అన్న మనిషిని నేను ఆయన్నొక్కరినే చూశాను. ఆయన కిక్కుల గురించి ఎవరైనా చెప్తారు, నేను మాత్రం ఈ మాటే చెప్పాలనుకున్నాను.

ఫోన్లో మోకాళ్లు బాగున్నాయి మాస్టర్ అనేశాను. నిజానికి మొన్న సంక్రాంతికి అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కగలిగాను, దిగడానికి మాత్రం భయపడి బస్సెక్కాను.

నిన్న మావాణ్ని చేర్పించడానికి తీసుకెళ్లాను. అదే మిద్దె. మాస్టర్ ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి, గోడ పట్టుకుని పైకొచ్చారు. నల్ల బెల్టు నలుపు పోయి అంచుల్లో లోపలి తెల్ల నూలు బయటపడి ఉంది. మావాడి పేరు అడిగారు, వాణ్ని అక్క దగ్గరికి పంపి కుర్చీలో కూచున్నారు. తర్వాత నా వైపు చూసి, "కిబా దాచి" అన్నారు.

చుడీదార్‌లో ఉన్నాను. చున్నీ నడుముకు బిగించి, కాళ్లు వెడల్పుగా పెట్టి కిందికి దిగాను. ఆయన ముందుకు వంగి నా మోకాళ్లనే చాలాసేపు చూశారు.

"కుడిది ఇంకొంచెం బయటికమ్మా" అన్నారు.