సిలువ యోహాను చీకటి వెంట: ఆవిలా, తొలేడో, సెగోవియా

మాడ్రిడ్ నుంచి ఆవిలాకు రైల్లో గంటన్నర. ఊరి చుట్టూ రెండున్నర కిలోమీటర్ల రాతి ప్రాకారం చెక్కుచెదరకుండా ఉంది. వచ్చినవాళ్లంతా ముందు ఆ గోడ ఎక్కుతారు. అక్కా నేనూ మాత్రం గోడ బయట ఉత్తరాన ఉన్న ఎన్‌కర్నసియోన్ మఠానికి నడిచాం. కార్మెల్ అనే కతోలిక సన్యాస సభలో సంస్కరణ మొదలుపెట్టిన ఆవిలా తెరేసమ్మ జీవితంలో దాదాపు ముప్పై ఏళ్లు గడిచింది అక్కడే. 1572 నుంచి 1577 దాకా అక్కడి సిస్టర్ల పాపసంకీర్తనాలు, అంటే పాపాల ఒప్పుకోళ్లు, విన్న గురువు పునీత సిలువ యోహాను. అదే సభ సన్యాసి, కవి. మేం వచ్చింది ఆయన కోసం.

బావ పోయాక అక్కకు ప్రార్థన రావడం లేదు. జపమాల చేతిలో ఉంటుంది, ఆదివారం పూజ తప్పదు, లోపల మాత్రం ఏమీ కదలదు. ఇంటి దగ్గర ఎవరికి చెప్పినా "విశ్వాసం పెంచుకో అమ్మా" అన్నారట. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు ఊరుకోలేదు. అందుకే ఇక్కడికి రమ్మన్నాను.

మఠం మ్యూజియంలో యోహాను కలంతో గీసిన చిన్న బొమ్మ ఉంది. అరచేతిలో ఇమిడిపోయే కాగితం ముక్క. సిలువ మీది క్రీస్తును ఎదురుగా కాదు, పైనుంచి, పక్కవాటుగా చూపించాడు. ఒళ్లంతా ముందుకు వేలాడుతోంది, చేతులు మేకుల దగ్గర సాగిపోయాయి, తల పూర్తిగా వాలిపోయింది. 1951లో స్పానిష్ చిత్రకారుడు డాలీ వేసిన ప్రసిద్ధ చిత్రానికి ప్రేరణ ఇదే. అక్క అద్దం దగ్గరికి వంగి చాలాసేపు చూసింది.

"ముఖమే కనిపించట్లేదు కదరా" అంది.

1577 డిసెంబర్ 2 రాత్రి యోహానును ఈ మఠం పక్కనుంచే పట్టుకుపోయారు. పట్టుకుపోయింది ఆయన సొంత కార్మెల్ సభ సోదరులే. తెరేసమ్మ మొదలుపెట్టిన సంస్కరణను వదిలేయమన్నారు, ఆయన ఒప్పుకోలేదు. తొలేడోలో తమ మఠంలో బంధించారు. ఆ మఠం ఇప్పుడు లేదు. అల్కాంతర వంతెన దగ్గర, కింద తాహో నది కనిపించే చోట, పాసెయో దెల్ కార్మెన్ అనే ఖాళీ స్థలం మిగిలింది. మేం వెళ్లిన మధ్యాహ్నం రాళ్లు కాలిపోతున్నాయి. ఆరడుగుల వెడల్పు, పదడుగుల పొడవున్న గదిలో ఆ ఎండనూ, అంతకుముందు చలినీ తొమ్మిది నెలలు భరించాడాయన. వెలుగు వచ్చేది పైన ఉన్న సన్నని సందులోంచి. ప్రార్థన పుస్తకం చదవాలంటే మిట్టమధ్యాహ్నం బల్ల ఎక్కి నిలబడాలి. భోజనశాలలో మోకాళ్ల మీద కూర్చోబెట్టి, సోదరులంతా చుట్టూ తిరుగుతూ కొరడాలతో కొట్టేవారు. తర్వాత వచ్చిన కాపలాదారు కాస్త దయగలవాడు, కాగితం, సిరా ఇచ్చాడు. గొప్ప కవిత్వం అక్కడే మొదలైంది.

చెర వల్లే కవిత్వం పుట్టింది కాబట్టి చెర కూడా దేవుడి వరమే అనేవాళ్లున్నారు. నాకు ఆ మాట అస్సలు గిట్టదు. యోహాను అలా అనుకుని కూర్చోలేదు. తాళం మరలు రోజూ కొంచెం కొంచెంగా వదులు చేశాడు. 1578 ఆగస్టులో ఒక రాత్రి దుప్పట్లు చింపి ముడేసి, గోడ మీదుగా దిగి పారిపోయాడు. తొలేడోలోని తెరేసమ్మ సిస్టర్లు లోపల దాచారు. దాల్చినచెక్క వేసి ఉడికించిన బేరిపండ్లు పెట్టారనీ, ఆయన వాళ్లకు తన పద్యాలు వినిపించాడనీ చెబుతారు. మనుషులు పెట్టే హింస వేరు, ఆయన చెప్పిన రాత్రి, అంటే ప్రార్థనలో లోపల అంతా ఎండిపోయి చీకటైనట్టుండటం, వేరు. ఈ తేడా తెలియక ఎందరో ఇళ్లలో దెబ్బలను కూడా సిలువ అనుకుని మోస్తున్నారు.

బయటపడ్డాక రాసిన 'చీకటి రాత్రి' ఎనిమిది చరణాల పద్యం. దానికి తనే వ్యాఖ్యానం మొదలుపెట్టి మూడో చరణం దగ్గరే ఆపేశాడు.

సెగోవియాలో అల్కాసర్ కోట కింద, ఎరెస్మా నది ఒడ్డున ఆయన మఠాధిపతిగా ఉన్న మఠం ఉంది. 1591లో ఉబేదాలో చనిపోతే శరీరాన్ని తర్వాత ఇక్కడికి తెచ్చారు. సమాధి చాలా ఆడంబరంగా ఉంది. అంత నిరాడంబరుడికి అది నప్పలేదనిపించింది. బయటికొచ్చి నీడలో కూర్చుని, ఆ చీకటి రాత్రిని పోల్చుకోవడానికి ఆయన చెప్పిన మూడు గుర్తులు అక్కకు వివరించాను. దేవుడి సంగతుల్లోనే కాదు, లోకంలో దేనిలోనూ రుచి ఉండదు. అయినా దేవుణ్ని సరిగ్గా సేవించడం లేదేమోనన్న బెంగ మాత్రం వదలదు. ఇదివరకటిలా ధ్యానిద్దామన్నా మనసు సాగదు. ఈ మూడూ కలిసి ఉంటే, అది విశ్వాసం చల్లారడం కాకపోవచ్చంటాడు. బలవంతంగా ఆలోచనలు తోడకుండా, ప్రేమతో ఊరికే దేవుడి ఎదుట ఉండమంటాడు. నిప్పులో వేసిన పచ్చికట్టె ముందు చెమ్మ కక్కుతుంది, నల్లబడుతుంది, కంపు కొడుతుంది, ఆ తర్వాతే అంటుకుంటుంది. ఈ పోలిక ఆయనదే.

"రెండోది నాకుందిరా" అంది అక్క. "బెంగ లేకపోతే నీతో ఇంత దూరం వస్తానా?"

కాసేపాగి, "ఎన్నాళ్లుంటుందట?" అని అడిగింది.

గడువు ఎవరూ చెప్పలేరనే ఆయన రాశాడు. ఫ్రాన్సు కార్మెల్ సిస్టర్, లిసియూ చిన్న తెరేసమ్మకు ఈ చీకటి 1896 ఈస్టర్ నుంచి మరుసటి ఏడాది చనిపోయేదాకా, ఏడాదిన్నర. మన కలకత్తా మదర్ తెరిసాకైతే, నడుమ కొద్దికాలం తప్ప, దాదాపు యాభై ఏళ్లు. 2007లో ఆమె ఉత్తరాలు పుస్తకంగా అచ్చయ్యేదాకా లోకానికి పెద్దగా తెలియలేదు.

"యాభై ఏళ్లా! అట్లా ఉండి కూడా ఆ పనంతా చేసిందా?" అక్క నా వైపు తిరిగింది. "నీకెప్పుడైనా ఇలా అయిందా?"

అయిందన్నాను. మాడ్రిడ్ బస్సులో దారిపొడవునా అదే చెప్పుకుంటూ వచ్చాం.