మిర్చి ధరలతో 24 గంటలు: నా హ్యాకథాన్ అనుభవం

విజయవాడలో కాలేజీ విద్యార్థులకు పెట్టిన 24 గంటల డేటా సైన్స్ హ్యాకథాన్‌లో మా నలుగురికీ వచ్చిన ప్రశ్న గుంటూరు మిర్చి యార్డుది. తేజ, 334, బాడిగ రకాలకు రాబోయే ఏడు మార్కెట్ రోజుల ధర చెప్పాలి. ధరంటే ఆ రోజు ఎక్కువ సరుకు ఏ రేటుకు పోయిందో అది, క్వింటాకు రూపాయల్లో. చేతికిచ్చింది మూడు వేల పైచిలుకు వరుసల సీఎస్‌వీ (పట్టికగా ఉండే డేటా ఫైలు). ఇంత చిన్న డేటాకు జీపీయూ (భారీ లెక్కలు చేసే చిప్) అక్కర్లేదు, లైట్‌జీబీఎం (డెసిషన్ ట్రీలు, అంటే అవును-కాదు ప్రశ్నల వరుసలతో అంచనా వేసే టూల్) మామూలు ల్యాప్‌టాప్‌లోనే సెకన్లలో అయిపోతుంది. కోలాబ్ (గూగుల్ ఆన్‌లైన్‌లో ఇచ్చే కోడింగ్ వేదిక) వాడితే మాత్రం ఫైళ్లు ఎప్పటికప్పుడు డ్రైవ్‌లో దాచాలి. సెషన్ తెగితే అక్కడున్నవన్నీ పోతాయి.

మొదటి నాలుగు గంటలూ మోడల్ జోలికి పోకుండా డేటానే చూశాం. యార్డుకు నెలవారీగా వచ్చిన సరుకు గ్రాఫ్ గీస్తే మే నెలలో వేల టిక్కీలు (మిర్చి బస్తాలు) కనిపించాయి. మేలో యార్డుకు వేసవి సెలవులు కదా, అంత సరుకు ఎక్కడిది? తప్పు తేదీల్లో ఉంది. 05-03 అంటే మార్చి 5. రోజు ముందుందని చెప్పకపోతే పాండాస్ (పైథాన్‌లో డేటా పట్టికలు చదివే లైబ్రరీ) దాన్ని మే 3గా చదువుతుంది. పాత వెర్షన్లలో రోజు అంకె 12 దాటిన తేదీలు సరిగ్గానే వచ్చి, మిగతావే తారుమారవుతాయి. అందుకే పైపైన చూస్తే దొరకదు. రోజు ముందుందని చెప్పే డేఫస్ట్ సెట్టింగ్‌ను ట్రూ చేయాలి, ఇంకా మంచిది తేదీ ఫార్మాట్‌ను పూర్తిగా రాసివ్వడం.

గరిష్ఠ ధరలో సగం కూడా లేని కనిష్ఠ ధరలు చూసి అవుట్‌లయర్లు (మిగతావాటితో పొసగని తప్పుడు అంకెలు) అనుకుని తీసేయకండి. అవి తాలు (నాసిరకం) కాయల రేట్లు, నిజమైనవే.

శని, ఆదివారాలు యార్డు ఉండదు. ఆ ఖాళీల్లో సున్నాలు నింపితే మోడల్ పాడైపోతుంది. వాటిని వదిలేసి, మార్కెట్ జరిగిన రోజులనే వరుసగా లెక్కపెట్టుకోవాలి. షిఫ్ట్ చేసేముందు, అంటే పాత రోజుల ధరను తర్వాతి వరుసలోకి తెచ్చేముందు, రకాన్ని బట్టి గ్రూప్‌బైతో విడదీయాలి, లేకపోతే బాడిగ పాత ధర తేజ వరుసలోకి వచ్చి చేరుతుంది.

ఎక్కువ జట్లు దెబ్బతినేది లీకేజీ (తెలియకూడని జవాబు ముందే మోడల్‌కు చేరడం) దగ్గర. రోలింగ్ సగటు (గత కొన్ని రోజుల సగటు) తీసేముందు షిఫ్ట్ చేయకపోతే ఏ ధర చెప్పాలో ఆ ధరే ఫీచర్‌లో (మోడల్‌కిచ్చే సమాచారంలో) కలిసిపోతుంది. మాకూ ఒక దశలో తప్పు ఒక్క శాతం లోపుకి దిగింది. మిర్చి ధరకు అంత తక్కువ తప్పు వచ్చిందంటే సంతోషపడకూడదు, వెతకాలి. ఏడో రోజు ధర చెప్పేటప్పుడు ఆరో రోజు ధర మన దగ్గర ఉండదు కాబట్టి షిఫ్ట్ కనీసం ఏడు ఉండాలి.

డెసిషన్ ట్రీలతో మరో చిక్కుంది. శిక్షణలో చూసిన ధరలను దాటి అవి చెప్పలేవు. 2023లో క్వింటా 20 వేలు దాటిన మిర్చికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం (ధర పడిపోతే రైతును ఆదుకునేది) కింద క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. ఇంత ఎత్తుపల్లాలున్న చోట నేరుగా ధర అడగకుండా, చివరిసారి తెలిసిన ధరతో నిష్పత్తి తీసి, దాని లాగ్‌ను (లాగరిథంను) మోడల్ చెప్పాల్సిన అంకెగా పెట్టాం. పోల్చుకోవడానికి బేస్‌లైన్ (కనీస ప్రమాణం) కూడా దానితోనే దొరికింది. ఆ లాగ్ సున్నా అంటే ధర మారలేదని, ఎప్పుడూ సున్నానే చెప్పడం మా బేస్‌లైన్. దాన్ని ఓడించలేని మోడల్‌ను పంపడం దండగ. వరుసలు తక్కువ కాబట్టి మోడల్ అతిగా బట్టీ పట్టకుండా నమ్ లీవ్స్‌ను (ఒక్కో ట్రీలో ఆకుల, అంటే చివరి కొమ్మల, గరిష్ఠ సంఖ్యను) 31 నుంచి 15కి దించి, ఒక్కో ఆకులో కనీస వరుసలను 20 నుంచి 40కి పెంచాం.

పరీక్షలో చెప్పాల్సిన మొత్తం అంకెలు 21 (మూడు రకాలకు ఏడేసి రోజులు), పబ్లిక్ లీడర్‌బోర్డు (పోటీ సాగుతుండగా అందరికీ కనిపించే స్కోర్ల పట్టిక) చూపేది వాటిలో ఆరింటి మీద స్కోరే. ఆ ఆరింటికోసం రాత్రంతా మార్పులు చేసిన జట్లు ఉదయానికి కిందికి జారాయి. మేం డేటాను తేదీ క్రమంలో పేర్చి, చివరి నాలుగు వారాలను ఒక్కొక్కటిగా పక్కనపెట్టి పరీక్షించుకున్నాం. నాలుగింటిలోనూ నిలిచిన మోడల్‌నే ఇచ్చాం.

ప్రెజెంటేషన్‌కు ఐదు నిమిషాలు. ఒక్క అంకె బదులు క్వాంటైల్ లాస్‌తో (ధరకు దిగువ, ఎగువ హద్దులు నేర్పే పద్ధతితో) 10, 90 శాతాల మధ్య ధరల పట్టీ, అంటే పదిలో ఎనిమిదిసార్లు అసలు ధర పడాల్సిన పరిధి, చూపించాం. జడ్జీలలో ఒకరు, "రైతు ఇవాళ అమ్మాలా, ఏసీలో పెట్టాలా అన్నది దీన్నిబట్టి తేల్చుకోగలడా?" అని అడిగారు. ఏడు రోజుల అంచనా దానికి చాలదు. కోల్డ్ స్టోరేజీలో సరుకు నెలల తరబడి ఉంటుంది, దాని అద్దె కూడా లెక్కలోకి రావాలి. ఆ మాటే చెప్పి, ముప్పై రోజులకు వెళ్తే మా పట్టీ ఎంత వెడల్పవుతుందో గ్రాఫ్ తెరిచి చూపించాం.