ఏ ఇన్సులిన్ మంచిదని అడిగేముందు ఏ పూట షుగర్ పెరుగుతోందో చూడండి

కడుపుతో ఉన్నప్పుడు వచ్చే షుగర్‌ను సాధారణంగా ఓ రెండు వారాలు తిండితో, నడకతో అదుపు చేసి చూస్తారు. అప్పటికీ పరగడుపున 95, తిన్న గంటకు 140, రెండు గంటలకు 120 దాటుతుంటే ఇన్సులిన్ మాట వస్తుంది. సూది మందు బిడ్డకు పోతుందని పెద్దవాళ్లు బెదురుతారు గానీ, ఇన్సులిన్ మాయను దాటి పోయేది దాదాపు లేదు. దాటేది తల్లి రక్తంలోని చక్కెరే.

పరగడుపు అంకె ఒక్కటే ఎక్కువుంటే పడుకునే ముందు నిదానంగా పనిచేసే ఎన్‌పీహెచ్ ఇన్సులిన్ ఇస్తారు. చవకే, కానీ వేసుకున్నాక 4 నుంచి 10 గంటల మధ్య జోరందుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున షుగర్ పడిపోవచ్చు. డెటెమిర్ అనే మరో ఇన్సులిన్ దొరికితే, దానికి ఆ పోటు తక్కువ, ధర ఎక్కువ.

టిఫిన్ తర్వాత పెరిగే షుగర్‌తోనే అసలు తంటా. రెగ్యులర్ ఇన్సులిన్ తినడానికి 30 నిమిషాల ముందు వేసుకోవాలి. మన నెల్లూరు ఇళ్లల్లో కారం దోసె పెనం మీంచి దిగీ దిగగానే పళ్లెంలో పడుతుంది, అరగంట ఎవరు ఆగుతారు? సూది వేసుకున్న వెంటనే తింటే గంటకు 140 దాటుతుంది, మందు జోరు 2-4 గంటల తర్వాత వచ్చి, పొద్దున పదకొండుకు షుగర్ పడిపోయి చెమటలు పడతాయి. త్వరగా పనిచేసే, ధర ఎక్కువుండే లిస్‌ప్రో, ఆస్పార్ట్ ఇన్సులిన్‌లయితే 10-15 నిమిషాల ముందు చాలు. అరగంట ఆగలేని ఇంట్లో ఆ అదనపు డబ్బు దండగ కాదని నా ఉద్దేశం. రెగ్యులర్ 30 పాళ్లు, ఎన్‌పీహెచ్ 70 పాళ్లు కలిసుండే 30/70 మిక్స్‌లో సూదులు తగ్గుతాయి, కానీ ఒక భాగాన్ని పెంచితే రెండోదీ పెరుగుతుంది. మధ్యాహ్నం అన్నం ఆలస్యమైతే చిక్కే.

ఇక సిరంజి. ఏడో నెలలో పుట్టింటికొచ్చి, ఇక్కడి మెడికల్ షాపులో సీసా కొన్నప్పుడు జరిగే పొరపాటు ఇదే. మన దగ్గర సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, వాటికి ఎర్రమూత సిరంజి. పెన్ కార్ట్రిడ్జ్ 100 యూనిట్లది. ఎర్రమూత సిరంజితో కార్ట్రిడ్జ్ మందు 10 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 25 యూనిట్లు. 100 యూనిట్ల మందుకు వాడే నారింజమూత సిరంజితో 40 సీసాలోంచి 10 లాగితే నాలుగే. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని చూశాకే డబ్బులివ్వండి.

తెల్లగా ఉండే ఎన్‌పీహెచ్, మిక్స్ సీసాలను అరచేతుల మధ్య దొర్లించాలి, కుదపకూడదు. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన సీసా పారేయాల్సిందే.

షుగర్ 70 లోపు పడితే మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. కాన్పయి మాయ పడగానే ఇన్సులిన్ అవసరం ఒక్కసారిగా తగ్గుతుంది. పాత డోసు కొనసాగించకుండా అక్కడే డాక్టర్ని అడగండి. ఆరు వారాలకు 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష చేయించాలి, బాలింతని బయటికి పంపడం లేదని దాన్ని వదిలేస్తుంటారు.