అడిగింది ఆమెను కదా

టెక్సస్‌లో ఒక కాలేజీలో అడ్వైజర్‌ని, ఏ కోర్సులు తీసుకోవాలో పిల్లలకు చెప్పడం నా పని. ఈ రోజు డ్రాప్ డెడ్‌లైన్, అంటే చేరిన కోర్సు మానుకోవడానికి చివరి రోజు. ఆ ఒక్క మాట చాలు, సాయంత్రానికి నా వాలకం ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఇంటికొచ్చేసరికి ఈయన అన్నం వండేసి, నిన్నటి పప్పుచారు వేడి చేస్తున్నారు. చిన్నాడు మామూలే, గది తలుపు వేసుకుని ఉన్నాడు. తిన్నాం, గిన్నెలు సర్దాను, పడుకున్నాను. గంట సేపు అటూ ఇటూ దొర్లి లేచొచ్చి ఇది రాస్తున్నాను. డెడ్‌లైన్ గొడవ కాదు. పదకొండింటి అపాయింట్‌మెంట్ బుర్రలోంచి పోవడం లేదు.

తెలుగమ్మాయి. ముప్పై అయిదు దాటి ఉంటాయి. (ఊరూ చదువూ కొంచెం మార్చి రాస్తున్నాను, అడక్కండి.) ఇండియాలో బీఎస్సీ మైక్రోబయాలజీ చదివింది. అమెరికా వచ్చి పదేళ్ళయింది, భర్త ఉద్యోగ వీసాను బట్టి వచ్చే హెచ్-4 మీద ఉంది, ఒక బాబు. నర్సింగ్ చదవాలని నా దగ్గరికి వచ్చింది. పక్కన భర్త.

"చెప్పండి, ఏం చదవాలనుకుంటున్నారు?" అన్నాను. ఆమె నోరు తెరిచేలోపే ఆయన, "నర్సింగ్ మేడమ్, ఆర్ఎన్" అన్నారు. రిజిస్టర్డ్ నర్సు అన్నమాట. సరే. "క్లాసులు పగలు వీలవుతుందా, సాయంత్రమా?" "పగలే మేడమ్, బాబు స్కూల్ టైంలో." నేను కుర్చీ కాస్త ఆమె వైపు తిప్పుకుని, ఆమెనే చూస్తూ అడిగాను: "మీరు డిగ్రీ చేసి చాలా ఏళ్ళయింది. చాలా నర్సింగ్ ప్రోగ్రాముల్లో సైన్సు కోర్సులు ఐదేళ్ళలోపు చదివినవై ఉండాలంటారు. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ మళ్ళీ చదవాల్సి రావచ్చు. మీకు ఓపిక ఉందా?" ఇది ఇంకెవరూ చెప్పగలిగే జవాబు కాదు కదా. "ఉంది మేడమ్, తను బాగా చదువుతుంది" అన్నారాయన. ఆమె నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండింది.

ఇలాంటివి మాకు కొత్త కాదు. డ్యూయల్ క్రెడిట్ పిల్లల, అంటే హైస్కూల్లో ఉంటూనే కాలేజీ కోర్సులు చదివే పిల్లల నాన్నలైతే ఫోన్లోనే మొదలుపెడతారు. "మా వాడు హైస్కూల్ జూనియర్ అండీ, మీ దగ్గర ఇంగ్లీష్ తీసుకున్నాడు. గ్రేడ్ ఎంతొచ్చిందో ఒక్కసారి చూసి చెప్పండి. మనవాళ్ళే కదా." మనవాళ్ళయితే మాత్రం? విద్యార్థుల రికార్డులు ఎవరు చూడొచ్చో చెప్పే చట్టం, ఫెర్పా అని, 1974 నుంచీ ఒకటి ఉంది. స్కూల్లో ఉన్నప్పుడు, పద్దెనిమిదేళ్ళు నిండేదాకా, పిల్లల రికార్డుల మీద హక్కు తల్లిదండ్రులది. పిల్లాడు కాలేజీ కోర్సులో చేరాడా, పదహారేళ్ళ వాడైనా సరే, కాలేజీ రికార్డు మీద హక్కు వాడిది. వాడు సంతకం పెడితే తప్ప మా కాలేజీలో మేం నోరు విప్పం. ఈ మాట ఎంత మెత్తగా చెప్పినా అవతలి గొంతు మారిపోతుంది. "ఫీజు కట్టేది నేనండీ" అంటారు. కట్టండి, కాదనలేదు. వాడికి కెమిస్ట్రీ అంటే ఏడుపొస్తోందని వాడే నాకు చెప్పుకున్నాడు. ఆ మాట మీకు నా నోటి నుంచి వినపడితే వాడు మళ్ళీ నా గది గడప తొక్కుతాడా?

పిల్లల విషయంలో ఇంత పట్టుదలగా ఉంటామా, పెద్దవాళ్ళ విషయానికి వచ్చేసరికి చట్టం సాయం రాదు. భర్తను గదిలోకి తెచ్చుకుంది ఆమే. ఆయన ఉండటానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టింది ఆమే. ఇక నేను ఆయన్ను బయట కూర్చోమనడానికి ఏ రూలూ లేదు. అరగంట స్లాట్‌లో ఆమె గొంతు నేను విన్నది రెండే మాటలు, హలో, థాంక్యూ. ఇద్దరూ లేచారు. ఆయన కారు తీసుకొస్తానని ముందు వెళ్ళారు. ఆమె తలుపు దాకా వెళ్ళి ఆగి, "అండీ, నేనొక్కదాన్నే ఇంకోసారి రావచ్చా?" అంది.

రండి అన్నాను. తప్పకుండా రండి అన్నాను. ఇంకేదైనా అడిగేలోపు వెళ్ళిపోయింది.

ఇక మధ్యాహ్నమంతా ఇదే. ఆయనేదో బలవంతంగా తెచ్చి కూర్చోబెట్టారని, ఆమెకు నర్సింగ్ ఇష్టమే లేదని, ఇంట్లో ఎవరో లెక్కలేసి ఆర్ఎన్‌కు జీతం బాగుంటుందని తేల్చి ఉంటారని, నాకు నేనే కథ అల్లేసుకున్నాను. మూడింటికి కాఫీ కలుపుకుంటూ కూడా ఆయన్నే తిట్టుకుంటున్నాను.

కాఫీ దగ్గరే రేపల్లె వదిన గుర్తొచ్చింది. ఎందుకొచ్చిందో అప్పుడు తెలియలేదు.

మా పెదనాన్నగారి అబ్బాయి భార్య. ఇంటర్ తప్పింది, పెళ్ళి చేసేశారు. ఇద్దరు పిల్లలు పుట్టాక ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. జాకెట్టు ముక్క తెచ్చిన హైస్కూల్ టీచరమ్మ ఒకావిడ కొలతలు ఇస్తూ ఇస్తూ, "నీకు తెలుసా, హైదరాబాద్‌లో ఓపెన్ యూనివర్సిటీ పెట్టారు, ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరొచ్చు" అందట. నిజమే. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో అదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991లో దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. వదిన నాటికి ఇంకా పాత పేరే. క్లాసులు ఆదివారాలు. పుస్తకాలు తెలుగులో, ఎదురుగా కూర్చుని ఎవరో చెబుతున్నట్టు ఉండేవి. తర్వాతి కాలంలో గ్రూప్స్ రాసేవాళ్ళు కూడా ఆ పుస్తకాలే ఏరుకుని చదివేవారు.

ఆ అర్హత పరీక్షకు దరఖాస్తు ఇవ్వడానికి అన్నయ్య, వదిన, వాళ్ళతో నేను రేపల్లె ప్యాసింజర్‌లో గుంటూరు వెళ్ళాం. నాకు సెలవులు, రైలెక్కితే చాలని వెళ్ళాను. కౌంటర్‌లో గుమాస్తా పేరు అడిగితే అన్నయ్య చెప్పాడు. పుట్టిన తేదీ అడిగితే అన్నయ్య చెప్పాడు. ఎంతవరకు చదివారు అంటే అదీ అన్నయ్యే. ఆ గుమాస్తా తలెత్తి, "అభ్యర్థి ఎవరండీ?" అన్నాడు. వదిన ముందుకొచ్చింది. ఆయన ఫారం ఆమె వైపు తోసి, "నువ్వు రాయమ్మా" అని చేతులు కట్టుకుని కూర్చున్నాడు. వెనక క్యూ గొణుగుతోంది. వదిన అలవాటుగా మా ఇంటి పేరుతో మొదలుపెట్టి, టెన్త్ సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరు ఉంటుందని గుర్తొచ్చి కొట్టేసి, పైన మళ్ళీ రాసింది. పెన్ను సరిగా రాయడం లేదు. అన్నయ్య జేబులోంచి ఇంకో పెన్ను తీసి, "ఇది బాగా రాస్తుంది చూడు" అని ఇచ్చాడు.

ఇన్నేళ్ళూ నేను ఆ కథలో గుమాస్తానే తలుచుకునేదాన్ని. ఈ ఉద్యోగంలో చేరినప్పుడు కూడా ఆయనలా ఉండాలనే అనుకున్నాను. చేతులు కట్టుకుని ఆగడం వచ్చినవాడు. ఈ రోజు కాఫీ తాగుతూ మాత్రం అన్నయ్య ఇచ్చిన పెన్ను మీదికి పోయింది ధ్యాస. రైలు టిక్కెట్టు కొన్నది అతను. సర్టిఫికెట్ల అసలు, నకళ్ళు రెండూ ప్లాస్టిక్ కవరులో పెట్టుకొచ్చింది అతను. ఆదివారాలు పిల్లలిద్దరికీ అన్నం పెట్టింది అతను. పెదనాన్న "డిగ్రీ చేసి ఏం ఊడబొడుస్తుంది" అంటే ఎదురు మాట్లాడిందీ అతనే. వదిన బీఏ పాసై, అంగన్‌వాడీలో చేరి, సూపర్‌వైజర్‌గా రిటైరైంది. అక్కడ కౌంటర్ దగ్గర అన్నయ్య మాట్లాడేసింది కూడా ఆ ధోరణిలోనే.

పొద్దున వచ్చిన ఆ భర్త ముందు కూడా ఒక ఫైలు ఉంది. ఇంటర్ మెమోతో సహా అన్నీ వరసగా, ప్రతిదీ విడి కవరులో. ఒక్క కాగితం అడిగితే వెతుక్కోకుండా తీశారు. అప్పుడది నాకు చిరాకే వేసింది.

మూడున్నరకు ఒక కుర్రాడొచ్చాడు. పందొమ్మిదేళ్ళు. వాళ్ళింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు. గోదాములో పని, ఈ నెల వాడు అడక్కుండానే రాత్రి షిఫ్టుకు మార్చేశారు. కాలేజ్ ఆల్జీబ్రా డ్రాప్ చేస్తానని వచ్చాడు, ఇంకో గంటన్నరలో గడువు. టెక్సస్‌లో ఒక రూలుంది. 2007 ఫాల్ నుంచి చేరినవాళ్ళెవరైనా ప్రభుత్వ కాలేజీల్లో మొత్తం మీద ఆరు కోర్సులకు మించి డ్రాప్ చేయడానికి లేదు. వీడికి ఇప్పటికే నాలుగు. పని వేళలు మన చేతిలో లేని కారణంతో మారితే, రుజువు చూపిస్తే, ఆ డ్రాప్‌ను ఆరింటిలో లెక్కేయరు. జబ్బు చేసినా, ఇంట్లో ఎవరైనా పోయినా అంతే. ఆ నాలుగింటిలో ఒకటి వాళ్ళ నానమ్మ పోయిన వారంలో చేసిందట. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఇంకా విచిత్రం, వాడికి ఆల్జీబ్రానే అక్కర్లేదు. చదివేది క్రిమినల్ జస్టిస్. స్టాటిస్టిక్స్ తీసుకుంటే చాలు. మాత్ 1314, అదే ఈ ఆల్జీబ్రా, ఎందుకు తీసుకున్నావురా అంటే, స్నేహితుడు తీసుకున్నాడు కాబట్టి అన్నాడు. ఆ స్నేహితుడు ఇంజనీరింగ్. ఎవరికి ఏ లెక్కలు కావాలో విడదీసి చెప్పాలని ఆస్టిన్‌లో లెక్కల చదువు మీద పనిచేసే డానా సెంటర్ వాళ్ళు ఎన్నేళ్ళుగానో మొత్తుకుంటున్నారు. మా గోడల మీద పోస్టర్లూ ఉన్నాయి. పోస్టరు చదివి అర్థం చేసుకుని ఇంట్లో చెప్పే మనిషి ఉండాలి కదా. డ్రాప్ ఫారం నింపించాను, షిఫ్టు మార్చిన మెసేజ్ ప్రింటు జత చేశాం, స్ప్రింగ్‌కు స్టాటిస్టిక్స్ పెట్టాం. పెల్ గ్రాంట్, అంటే ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయం, ఉంది కాబట్టి రికార్డులో డ్రాప్ గుర్తుగా డబ్ల్యూ పడితే పూర్తిచేసిన క్రెడిట్ల శాతం తగ్గుతుందని చెప్పి, అటునుంచి అటే ఫైనాన్షియల్ ఎయిడ్‌కు పంపాను. నాలుగూ నలభైకి పనైపోయింది. వెళ్తూ వెళ్తూ నవ్వాడు. సంతోషం వేసింది, నిజంగా.

ఆ కుర్రాడి పక్కన పొద్దుటి ఆయన లాంటివాళ్ళు ఒక్కరున్నా, ఆ నాలుగు నాలుగయ్యేవి కావు. నానమ్మ పోయినప్పుడు ఫోన్ చేసి, "మా వాడి పరిస్థితి ఇది, ఏం చేయాలి?" అని నన్ను విసిగించేవారు. మనవాళ్ళే కదా అనైనా అనేవారు. విసుక్కునే భాగ్యం కూడా లేని పిల్లలు మా దగ్గర ఎంతమందో. కాబట్టి ఇంట్లోవాళ్ళు వెంట రావడం తప్పు కాదని ఇప్పుడు రాస్తున్నాను. వాళ్ళే జవాబులు చెప్పేయడం మీద మాత్రం చిరాకు పోలేదు. ఒంటరిగా వస్తానని ఆమె అంది అంటే ఏదో ఉంది. నర్సింగ్ వద్దనేమో. లేదా నర్సింగే కావాలి, భయంగా ఉంది, ఆ భయం ఆయన ముందు చెప్పలేదు, అంతేనేమో. అంత కష్టపడి ఫైలు సర్దిన మనిషి ముందు భయమేస్తోందనడం తేలికేం కాదు.

ఇంకో చిన్న చిరాకు. అపాయింట్‌మెంట్ మూసేటప్పుడు సిస్టమ్ విద్యార్థి రకం అడుగుతుంది. మొదటిసారి కాలేజీ, ట్రాన్స్‌ఫర్, డ్యూయల్ క్రెడిట్, ఇంటర్నేషనల్, మళ్ళీ చదువుకొస్తున్న పెద్దలు. ఒక్కటే ఎంచుకోవాలి. ఆమెకు డిగ్రీ ఉంది కాబట్టి మొదటిది కాదు. విద్యార్థి వీసా ఎఫ్-1 కాదు కాబట్టి మా లెక్కలో ఇంటర్నేషనల్ కాదు, ఇక్కడే స్థిరపడ్డట్టు కాగితాలు చూపితే టెక్సస్ రెసిడెంట్ ఫీజే. ఇక్కడ చదివి ఆపింది లేదు కాబట్టి "మళ్ళీ" కూడా కాదు. చివరికి పెద్దలు నొక్కాను. ఎందుకంటే ఆ జాబితాలోవాళ్ళకు సాయంత్రం ఏడు దాకా ఉండే అడ్వైజర్ల స్లాట్లు ముందు తెరుచుకుంటాయి. ఆమెకు అవసరం పడొచ్చు.

ఇదంతా ఇంత దూరం లాగడానికి కారణం, తొమ్మిదింటికి వచ్చిన ఈమెయిల్. ఆయన నుంచి. ఆయన ఐడీ నుంచి. వరసగా ప్రశ్నలు. నర్సింగ్ ప్రవేశానికి రాసే హెసీ పరీక్ష ఎప్పుడు రాయాలి, ఇండియా మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్ ఇవాల్యుయేషన్‌కు కోర్సు వారీ రిపోర్టే కావాలా, గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 అప్రూవ్ అయింది కాబట్టి తను పని చేయడానికి అనుమతి, ఈఏడీకి అప్లై చేశాం, చదువు పూర్తయ్యేలోపు రాకపోతే ఏంటి. జవాబులన్నీ ఆమె కాలేజీ ఐడీకే పంపుతాను. ఆమె పేరుతోనే మొదలుపెడతాను. ఆయనకు కాపీ కావాలంటే ఆమే పంపుకుంటుంది.

చివరి ప్రశ్న మళ్ళీ మళ్ళీ చదివాను. క్లినికల్స్, అంటే ఆసుపత్రిలో శిక్షణ, ఏ రోజుల్లో పడతాయో ముందే తెలుస్తుందా, ఆ రోజుల్లో బాబును స్కూల్లో దింపి తీసుకురావడం నేను చూసుకుంటాను, మా మేనేజర్‌తో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోవాలి, అని.

ముందే తెలియదు. సెమిస్టర్ మొదలవడానికి కొద్ది వారాల ముందే షెడ్యూల్ ఇస్తారు. ఆసుపత్రిని బట్టి రోజులు మారతాయి. పొద్దున ఆరున్నరకల్లా అక్కడ ఉండాల్సిన రోజులూ ఉంటాయి, అంటే ఏ స్కూలూ తెరవకముందే. ఈ ఒక్కదానికి మాత్రం జవాబు ఇద్దరికీ పనికొచ్చేలా రాయాలి. రేపు పొద్దున కాలేజీకి వెళ్ళగానే నర్సింగ్ డిపార్ట్‌మెంట్‌లో పోయిన రెండు సెమిస్టర్ల క్లినికల్ షెడ్యూళ్ళు అడిగి తీసుకుని, అవి జత చేసి పంపుతాను.