బ్లూమ్ స్ట్రీట్‌లో ఏడు పైపులు

కేప్‌టౌన్ వెళ్లొచ్చి నెల దాటింది. కలిసిన ప్రతివాళ్లూ టేబుల్ మౌంటెన్ ఎక్కావా, పెంగ్విన్లను చూశావా అనే అడుగుతున్నారు. పెంగ్విన్లను చూశాను, బాగున్నాయి. కొండ మాత్రం ఉన్న ఐదు రోజుల్లో నాలుగు రోజులు మబ్బు కప్పుకునే కూర్చుంది. జూన్‌లో అక్కడ చలికాలం, పైగా వానలు. ఈ టైంలో ఎవరైనా వస్తారా అని అక్కడ ఉద్యోగం చేస్తున్న మా బావ మొదటిరోజే తిట్టాడు. నేను వెళ్లింది బాసిల్ కూట్సీ అనే ఒక శాక్సఫోన్ ఆయన కోసం అని చెబితే "ఆయన ఉన్నాడా?" అన్నాడు. లేడు, 1998లోనే పోయాడు అన్నాను. బావ ఇంకేం మాట్లాడలేదు.

శాక్సఫోన్ అంటే నాకు చిన్నప్పటి నుంచీ పెళ్లి బ్యాండే. ఊరేగింపులో క్లారినెట్ పక్కన ఒంపు తిరిగిన ఇత్తడి వాయిద్యం ఒకటి మెరుస్తూ ఉండేది, అంతే తెలుసు. అదే వాయిద్యం ఒక మనిషి దగ్గర కూర్చుని తీరిగ్గా కష్టసుఖాలు చెప్పుకున్నట్టు వినిపించడం మాత్రం 'మానెన్‌బర్గ్'లోనే విన్నాను. 13 నిమిషాలకు పైగా ఉండే ట్రాక్, మాటలు లేవు. 1974 జూన్‌లో అబ్దుల్లా ఇబ్రహీం అనే అక్కడి జాజ్ పియానో ఆయన కేప్‌టౌన్‌లో రికార్డు చేశాడు. అప్పటికి జనానికి ఆయన డాలర్ బ్రాండ్‌గానే ఎక్కువ తెలుసు. స్టూడియోలో పియానో సుత్తులకు డ్రాయింగ్ పిన్నులు గుచ్చి ఉన్న పాత పియానో ఒకటుంటే దాని మీదే వాయించాడు. అందుకే ఆ శబ్దం కాస్త రేకులా, పేటల్లోని సారా ఇళ్ల పియానోలా ఉంటుంది. ఆ పియానో చాలాసేపు ఒకే చుట్టు తిరిగి తిరిగి దారి వేసి పెట్టాక కూట్సీ టెనర్ శాక్సఫోన్ అందుకుంటుంది. తొందరేమీ ఉండదు. వాయించి, ఆగి, మళ్లీ అందుకుంటాడు. అప్పటికప్పుడు ఊహించి వాయించినదే, ఒకే టేక్‌లో అయిపోయింది.

రికార్డు వెనక డబ్బు పెట్టినవాడు రషీద్ వల్లీ, జొహానెస్‌బర్గ్‌లోని భారతీయ కుటుంబం. వాళ్ల రికార్డుల షాపు పేరు కోహినూర్. కృష్ణా ఒడ్డున కొల్లూరులో దొరికిన రాయి పేరు అక్కడి షాపు బోర్డు ఎక్కిందని చదివినప్పుడు నవ్వొచ్చింది.

ఆ స్టూడియో బ్లూమ్ స్ట్రీట్‌లో ఉండేది. ఇప్పుడక్కడ గుర్తుగా స్టీలు పైపులు ఏడు నిలబెట్టారు. కర్రతో వరసగా గీసుకుంటూ పోతే పాట మొదటి స్వరాలు పలుకుతాయి. నేనైతే ముందుకు వెళ్లిపోయి, మ్యాప్ చూసుకుని వెనక్కి రావాల్సి వచ్చింది. కర్ర లేదు, గొడుగు పిడితో గీశాను. మొదటిసారి మరీ వేగంగా గీసేశానేమో, బడి గంట మోగినట్టు వచ్చింది. నెమ్మదిగా గీస్తే కానీ పాట రాలేదు. పక్కనుంచి ఆఫీసుకు పోతున్నవాళ్లలో ఒక్కరూ తలతిప్పలేదు. గొడుగు మూసేసినందుకు నేను మాత్రం పూర్తిగా తడిశాను.

మర్నాడు డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియం. ఇది ఒకప్పటి మెథడిస్ట్ చర్చి. కూట్సీ 1944లో పుట్టింది ఆ పేటలోనే. రకరకాల జాతులు కలిసి బతికిన ఆ పేటను 1966 ఫిబ్రవరి 11న ప్రభుత్వం తెల్లవాళ్లకు మాత్రమే అని ప్రకటించి, తర్వాతి ఏళ్లలో 60 వేల మందికి పైగా వెళ్లగొట్టి, ఇళ్ల మీద బుల్డోజర్లు నడిపింది. మ్యూజియం నేలంతా ఆ పేట మ్యాప్. అక్కడ బతికినవాళ్లు వచ్చి తమ ఇల్లు ఎక్కడుండేదో దాని మీద రాసిపోయారు. చెప్పులతో తొక్కాలంటే కాళ్లు రాలేదు నాకు. మ్యూజియంలో వేలాడుతున్న ఆ పేట వీధి బోర్డులను కూల్చివేత పని చూసిన ఒక మేస్త్రీ పారెయ్యకుండా దాచిపెట్టాడట. ఆయన ఎందుకు దాచాడా అన్న ఆలోచనే ఆ పూటంతా నన్ను వదల్లేదు.

మా తాతవాళ్లది శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిన ఊరు. 1981లో ఖాళీ చేయించారు. చేరిన ఊళ్లో మా నాన్నను ఇప్పటికీ పాత ఊరి పేరు పెట్టే పిలుస్తారు. కూట్సీకి ఇది తిరగబడింది. ఆయన కుటుంబాన్ని తీసుకెళ్లి పడేసిన చోటు మానెన్‌బర్గ్, ఊరి బయట ఇసుక మైదానంలో కట్టిన కాలనీ. ఆ పాటలో వాయించాక జనం ఆయన్ను బాసిల్ 'మానెన్‌బర్గ్' కూట్సీ అనడం మొదలుపెట్టారు. పుట్టిన పేట పేరు కాదు, తోసేసిన చోటి పేరు! 80ల్లో సబెంజా అని సొంత బ్యాండు పెట్టాడు. వర్ణవివక్ష మీద జరిగిన సభల్లో ఆయనా, ఆ రికార్డులో తోడు వాయించిన రాబీ జాన్సెనూ ఈ పాట వాయిస్తుంటే జనం దాన్ని తమ జాతీయగీతంలా చేసుకున్నారు.

మానెన్‌బర్గ్‌కు ఒంటరిగా వెళ్లొద్దని అందరూ చెప్పారు, గ్యాంగుల గొడవలు ఎక్కువట. "నువ్వు రా బావా" అని బతిమాలితే శనివారం పొద్దున కారు తీశాడు, అద్దాలు దించొద్దన్న షరతు మీద. రైలు పట్టాలకు అటువైపు గుగులెతు, అది నల్లవాళ్లకని. ఇటు మానెన్‌బర్గ్, అప్పటి ప్రభుత్వం లెక్కలో 'కలర్డ్', అంటే మిశ్రమ జాతుల వాళ్లకని. గీతలు గీసి మరీ కట్టారు. పొడుగ్గా అపార్టుమెంట్ల వరసలు, మధ్యలో తాళ్ల మీద బట్టలు, చినుకులు పడగానే వాటిని గబగబా లాగుతున్న ఆడవాళ్లు. ఆ ఎల్పీ అట్ట మీద కూడా వాయించినవాళ్ల ఫొటో ఉండదు, ఒక పెద్దావిడ ఉంటుంది.

నీళ్ల బాటిల్ కోసం ఒక చిన్న కొట్టు దగ్గర ఆగాం. కొట్టాయనకు అరవై ఉంటాయేమో. బాసిల్ కూట్సీ తెలుసా అని అడిగాను. ఏ బాసిల్ అన్నాడు. ఇక్కడ చాలామంది బాసిల్‌లు ఉన్నారన్నాడు. "బాసిల్ మానెన్‌బర్గ్" అన్నాను. అంతే, చిల్లర లెక్కపెట్టడం ఆపేసి రెండు చేతులూ ఛాతీ ముందు పట్టి, శాక్సఫోన్ పట్టుకున్నట్టు వేళ్లు ఆడించాడు.

తర్వాత మీదెక్కడ అని అడిగాడు. బావ హైదరాబాద్ అన్నాడు. నేను మాత్రం ఆ మునిగిపోయిన ఊరి పేరు చెప్పాను. ఆయన పలకబోయి తడబడ్డాడు, ఇంకోసారి చెప్పమన్నాడు.