పల్లావరం సంతలో విన్న మాట

శుక్రవారం, చెన్నై.

మిక్సీ జారు మూత కోసం ఈ ఉదయం పల్లావరం సంతకు వెళ్లాను. పాత సామాన్ల వరుసలో ఒక తెలుగావిడ దుమ్ము పట్టిన ఇత్తడి కాఫీ ఫిల్టరును చేతికి తీసుకుని, "మనం కుర్చీ కోసం వస్తే ఇది దొరికింది, సెరెండిపిటీ అంటే ఇదేనండీ!" అని భర్తతో సంబరంగా అన్నది. ఆ మాట పుట్టుక నాకెంతో ఇష్టమైన సంగతి కనుక ఈ రాత్రి దాని గురించే రాసుకుంటున్నాను.

సింహళద్వీపాన్ని అరబ్బులు, పారశీకులు సరందీబ్ అని పిలిచేవారు. ఆ దేశపు ముగ్గురు రాకుమారుల కథ పారశీక మూలాల నుంచి ఇటాలియన్‌లోకి చేరి 1557లో వెనిస్‌లో అచ్చయింది. దారికి ఒకవైపు పచ్చిక బాగున్నా రెండోవైపు నాసిరకం గడ్డినే మేసి ఉండటం గమనించి, ఆ దారిన పోయిన ఒంటెకు ఒక కన్ను లేదని వారు ఊహించగలుగుతారు. హొరేస్ వాల్పోల్ అనే ఆంగ్ల రచయిత 1754 జనవరి 28న ఫ్లోరెన్సులోని మిత్రుడు హొరేస్ మాన్‌కు రాసిన ఉత్తరంలో ఈ కథను తలచుకుని (ఆయన జ్ఞాపకంలో ఒంటె కాస్తా కంచరగాడిదగా మారింది!) సెరెండిపిటీ అనే మాటను కల్పించాడు. వెతకని వస్తువు యాదృచ్ఛికంగానూ, సూక్ష్మబుద్ధి వల్లనూ దొరకడమని దానికి అర్థం చెప్పాడు.

ఆ రెండో సగాన్ని మనం వదిలేస్తున్నామని నా బాధ. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే కాకతాళీయమంటాము. అందులో కాకి తెలివితో పనిలేదు. వాల్పోల్ మాటలో మాత్రం చూసే కన్ను లేకపోతే దొరికినది దొరకనట్టే.

ఇందుకు ఈ పల్లావరమే గొప్ప సాక్ష్యం. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేసిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1863 మే 30న ఇక్కడి కంకర గుంటలో ఒక రాతి ముక్కను చూసి, అది ఆదిమానవుడు చెక్కిన పనిముట్టని గుర్తించాడు. భారతదేశంలో పాతరాతియుగపు ఉనికిని చాటిన మొదటి ఆధారం అదే. ఆ గుంటలో రాళ్లు తవ్వినవారు, మోసినవారు ఎందరో అటువంటి ముక్కలను చూసే ఉంటారు. ఫుట్ మాత్రం ఫ్రాన్సు, ఇంగ్లండులలో బయటపడిన రాతి పనిముట్ల గురించి అప్పటికే చదివి ఉన్నాడు కనుక, మనిషి చేతి దెబ్బకు లేచిన పెచ్చుల గుర్తులను పోల్చుకోగలిగాడు. ఆయన సేకరించిన రాళ్లు ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. వాటి ముందు నిలబడినప్పుడల్లా నాకు ఆయన అదృష్టం కన్నా ఆయన చదువు మీదే ఎక్కువ గౌరవం కలుగుతుంది.

అదే ఏడాది సెప్టెంబరులో ఫుట్, ఆయన సహోద్యోగి విలియం కింగ్ ఇప్పటి తిరువళ్లూరు జిల్లాలోని అత్తిరంపాక్కంలో మరిన్ని పనిముట్లు కనుగొన్నారు. అక్కడి అట్టడుగు పొరల పనిముట్లు సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో పరిశోధకులు ప్రకటించారు. అయితే అత్తిరంపాక్కాన్ని నేను సెరెండిపిటీ అనను, ఎందుకంటే పల్లావరం రాయి దొరికాక వారి కళ్లు అటువంటి రాళ్ల కోసమే వెతుకుతున్నాయి.